కదపకూడని గిన్నె

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు జకర్యా మామయ్య, ఎలీసబెతు అత్తయ్య, వాళ్ల చిన్నది మేబెల్, నిన్న పొద్దుగూకే వేళ ఒక చేత్తో ట్రంకుపెట్టె, ఒక చేత్తో రేడియో పట్టుకుని గోడవతల ఇంటి నుంచి పెరటి గుమ్మం గుండా వచ్చిన, అందరూ ఖాలా అని పిలుచుకునే ముసల్మాను పెద్దావిడ, మంచం కింద ఎవరిదో తెలియని నల్లకోడి, వీధి తలుపు పక్కన చాప మీద చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్న కాంతమణి. కోడిని ఇంట్లోవాళ్లతో కలిపి చెప్పుకోవచ్చా అని కాంతమణికి అనుమానం వచ్చింది, కానీ విమానాలు తిరిగిన రోజుల్లో అదీ అందరితో పాటు మంచం కిందికే దూరింది, అందరితో పాటే వణికింది, కనుక కలపడమే న్యాయం అనుకుంది. డైరీలో రాసేటప్పుడు కోడిని చివర రాయాలి, తనను ఇంకా చివర. వేళ్లు బియ్యంలో తిరుగుతున్నాయి, కళ్లు రాళ్లను వెతుకుతున్నాయి, మనసు మాత్రం మెట్టుగూడ దాటి, రైలుపట్టాలు దాటి, మల్కాజ్‌గిరి పోయే దారిలో రేకులు కప్పిన కంపెనీలోకి వెళ్లి, వెనక గదిలో అలమరా లోపలి అరలో మల్లుగుడ్డ కప్పుకుని కూర్చున్న పింగాణీ గిన్నె దగ్గర నిలబడింది. ఆ గిన్నెను ఎవరూ కదపకూడదు. కదిపారేమో. కదపకపోయినా అందులో నీళ్లు ఆరిపోయి ఉంటాయేమో. యూనియన్ సైన్యం సరిహద్దు దాటి వస్తోందని కబురు పుట్టిన పొద్దున దాన్ని అక్కడ పెట్టి ఇంటికి వచ్చేసింది, ఆనాటి నుంచి ఈ వీధి తలుపు తెరుచుకోలేదు. నిన్న సాయంత్రం ఖాలా ఇంట్లో రేడియో గొంతు పెద్దది చేసుకుని నిజాం సర్కారు లొంగిపోయిందని, యుద్ధం అయిపోయిందని గోడలోంచి చెప్పింది. అయినా అత్తయ్య గడియ తియ్యలేదు. రేడియోకి తెలిసినంత తొందరగా వీధికి తెలియదు అంది.

చేటలో ఒక తెల్లరాయి దొరికింది. తలుపు సందులోంచి పడుతున్న వెలుతురుకు పెట్టి చూసింది. అంచులు లేవు, ఏటి నీళ్లలో దొర్లి దొర్లి గుండ్రమైన రాయి. ఊళ్లో ఉన్నప్పుడు రాయి దొరికితే పారేసేది, అంతే. ఇప్పుడు ప్రతి రాయినీ, పంచదార పలుకునూ, పటికబెల్లం ముక్కనూ అంచుల కోసం తిప్పి తిప్పి చూడటం అలవాటైంది. ఇది జ్ఞానశేఖర్ సారు అంటించిన జబ్బు. సారు కంపెనీలో కెమిస్టు. పొడుగ్గా ఉంటారు, కొంచెం వంగి, ఎవరో ఏదో జారవిడుస్తారు తాను పట్టుకోవాలి అన్నట్టు రెండు చేతులూ ముందుకు పెట్టుకుని నడుస్తారు. వెనక గదిలోకి వచ్చేముందు గుమ్మం బయటే చెప్పులు విప్పుతారు. మొదటిరోజు అది చూసి, ఇది ప్రార్థన చేసుకునే గది కాబోలనుకుని కాంతమణి తానూ చెప్పులు విప్పి, నెత్తిన ముసుగు వేసుకుని, తల వంచుకుని నిలబడింది. సారు చూశారు. నవ్వలేదు. "ముసుగు అక్కర్లేదండీ. నేల అదిరితే గిన్నెలు కదులుతాయి, అందుకని చెప్పులు" అన్నారు. తర్వాత "కాంతమణి గారూ, ఆ సీసా ఇలా ఇస్తారా" అన్నారు. గారు అనేసరికి కాంతమణి వెనక్కి తిరిగి చూసింది, ఎవరో పెద్దమనిషి వచ్చారనుకుని. వెనక కొక్కేనికి వేలాడుతున్న తుండుగుడ్డ తప్ప ఎవరూ లేరు. పుట్టి బుద్ధెరిగాక ఆమెను గారు అన్నవాళ్లు లేరు, నాన్న బడిలో పిల్లలు కూడా పంతులుగారి కాంతం అనేవాళ్లు. ఆ రాత్రి డైరీలో, నన్ను ఒకరు గారు అన్నారు అని రాసి, సిగ్గేసి, రబ్బరుతో చెరిపి, మళ్లీ రాసింది.

అసలు ఈ ఊరు రావడమే అనుకోకుండా జరిగింది. ఎండాకాలంలో అత్తయ్యకు టైఫాయిడ్ వచ్చిందని ఉత్తరం వస్తే, గుడివాడ దగ్గర పల్లెలో మిషను బడి పంతులైన నాన్న దేవానందం కాంతమణిని బండెక్కించి తీసుకొచ్చి, చెల్లెలి మంచం పక్కన దిగబెట్టి, నెలరోజుల్లో వచ్చి తీసుకుపోతానని చెప్పి వెళ్లాడు. అత్తయ్య లేచి జావ తాగి, జావ మాని అన్నం తిని, తన జడ తానే వేసుకునే నాటికి సరిహద్దు బిగుసుకుపోయింది. బెజవాడ బండి ఎప్పుడు వస్తుందో, వచ్చినా ఎక్కడ ఆపి దింపేస్తారో ఎవరూ చెప్పలేని రోజులు. అవతల నుంచి ఉప్పు రాదు, కిరసనాయిలు రాదు, ఆసుపత్రికి మందులు రావు. ఇవతల నుంచి మనుషులు మాత్రం వెళ్లిపోతున్నారు. కంపెనీలో ఫినాయిలు, టించరు, సిరాబిళ్లలు చేసే కుర్రాళ్లలో సగం మంది రాత్రికి రాత్రి మూటలు కట్టుకుని సరిహద్దు దాటిపోయారు. చర్చి మెట్ల మీద సారు మామయ్యతో, గాజుసామాను కడగడానికైనా అక్షరం తెలిసిన చెయ్యి ఒక్కటి మిగల్లేదండీ అంటే, మామయ్య కాంతమణిని అడగకుండానే, మా అమ్మాయి ఉందిగా అనేశాడు. ఎనిమిదో తరగతి చదివిన అమ్మాయి, కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే ఆరిపోతుందన్న ఒక్క సైన్సు పాఠం తెలిసిన అమ్మాయి, ఎవరైనా పలకరిస్తే గోడకు అతుక్కుపోయే అమ్మాయి. వారం తిరగకుండా మామయ్య రైల్వే ఆఫీసులో, చర్చిలో, పాలవాడి దగ్గర కూడా, మా మేనకోడలు కెమికల్ కంపెనీలో రీసెర్చి అప్రెంటిసు అని చెప్పుకున్నాడు. పాలవాడు, గదేం పని సారూ అంటే, అది చెప్పినా నీకు అర్థం కాదులే అన్నాడు. మామయ్యకు కూడా తెలియదు. కాంతమణికి తెలుసు, సీసాలు కడగడం. కానీ ఆ మాట పాలవాడి ముందు చెప్పి మామయ్య ముఖం చిన్నబుచ్చడానికి ఆమెకు మనసొప్పలేదు.

తర్వాత చింతపండు పని వచ్చింది. తాగితే బుసబుస పొంగి కడుపు తేలికచేసే పొడికీ, కంటోన్మెంటు బేకరీల్లో పిండి పొంగే పొడికీ ఒక పులుపు స్ఫటికాలుగా కావాలి. ఆ పులుపు ఇంగ్లీషు సీమ నుంచి తగరపు డబ్బాల్లో వచ్చేది. డబ్బాలు రావడం ఆగిపోయింది. సారు ఒక మధ్యాహ్నం క్యారియరులో చారు తాగుతూ తాగుతూ ఆగి, గిన్నెలోకి చూసి, ఇది మన దగ్గరే ఉంది కదా అన్నారట. యాప్రాల్ వైపు చెట్ల నుంచి ఎడ్లబండి మీద చింతపండు వచ్చింది. నానబెట్టి, వడగట్టి, కాచి, చల్లార్చి, ఏం కనబడితే అది రాయండి, ముందు ఇంతే, అని ఆమెకు ఒక మూట అప్పగించారు. కాంతమణికి లోపల ఎక్కడో నవ్వొచ్చింది, ఇది తెలిసిన పనే, పుట్టినప్పటి నుంచి చూస్తున్న పనే. వేడినీళ్లు పోసి, చేత్తో పిసికి, పిప్పి తీసి, తడి లేని చెయ్యి తనంతట తానే పక్కకు సాగి, బల్ల మీది సీసాలోంచి ఉప్పు తీసి వేసింది. ఒక పిడికెడు, ఇంకొంచెం. చింతపండు పులుసులో ఉప్పు వెయ్యకపోవడం ఎలాగో ఆ చేతికి తెలియదు. వేసినట్టు తనకూ తెలియదు. మర్నాడు పొద్దున గిన్నె అంచున తెల్లగా, చతురస్రంగా, పాచికల్లాంటి పలుకులు. నాలుగు మూలలూ కొలిచి కోసినట్టు. కాంతమణి జన్మలో మొదటిసారి గట్టిగా అరిచింది, "వచ్చాయి!" అని. బట్టీ దగ్గర మంటవేసే పర్వతాలు పరుగెత్తుకొచ్చాడు, ఎక్కడో అంటుకుందనుకుని. సారు భూతద్దం తెచ్చి, వంగి, చాలాసేపు చూశారు. "చాలా అందంగా ఉన్నాయి కాంతమణి గారూ" అన్నారు. ఇంకొంచెం చూసి, "ఉప్పు" అన్నారు. ఆమెకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఉప్పు దొరకని రోజుల్లో పిడికెడు ఉప్పు! పర్వతాలు మాత్రం, "పారబొయ్యకుండ్రి సారూ, మా ఇంటిది పప్పుల ఏస్తది, పులుపు సుత కల్సొచ్చె" అని గిన్నెకు చెయ్యి చాచాడు. అప్పుడు సారు నవ్వారు. నవ్వితే ఆయన భుజాలు మాత్రమే నవ్వుతాయి, చప్పుడు రాదు. కొన్ని పలుకులు చిన్న సీసాలో పోసి, చీటీ మీద చింత ఉప్పు, తయారుచేసినవారు కాంతమణి అని ఆమె చేతనే రాయించి, తన బల్ల మీద పెట్టుకున్నారు. తిట్టి ఉంటే ఆ రోజే మానేసేది. ఆ సీసా చూసినప్పుడల్లా చెవులు కాలిపోయేవి, ఆ చెవులతోనే మర్నాడు మళ్లీ వెళ్లేది. మెల్లగా నేర్చుకుంది. సున్నపుతేట పోస్తే పులుపంతా తెల్లటి మడ్డిగా అడుక్కు దిగడం, ఆ మడ్డిని విసుగు లేకుండా కడగడం, గంధకామ్లం చుక్కచుక్కగా వేస్తే పులుపు మళ్లీ నీళ్లలోకి వచ్చేయడం, వడపోత కాగితాలు దొరకవు కనుక అత్తయ్య పాత మల్లుచీర ముక్కలు మడతపెట్టి వడగట్టడం. చూసింది రాయండి, అనుకున్నది కాదు, అనేవారు సారు. ఆ మాటకు డైరీ కూడా మారిపోయింది. ఇదివరకు, ఈ రోజు అత్తయ్య బాధపడింది అని రాసేది. ఇప్పుడు, అత్తయ్య కొంగుతో కళ్లు తుడుచుకుని ఉల్లిపాయ అంది, ఇంట్లో ఉల్లిపాయలు లేవు, అని రాస్తోంది.

గదిలో మామయ్య బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడు. ఈ తలుపు తెరుచుకున్న మరుక్షణం రైల్వే ఆఫీసుకు వెళ్లాలని పొద్దున్నుంచీ ఒకే బూటును రుద్దుతున్నాడు. మేబెల్ రెండో బూటులో చెయ్యిపెట్టి దాన్ని నేల మీద నడిపిస్తోంది. "ఇహ ఫరవాలేదు కాంతం, బెజవాడ బండి నడుస్తుంది. మొదటి బండికే మీ నాన్న దిగుతాడు చూడు" అన్నాడు మామయ్య. కాంతమణి ఆఁ అంది. "సీమ డబ్బాలు కూడా వచ్చేస్తాయి. పాపం మీ సారుకి చింతపండు పిసికే బాధ తప్పింది" అని తానే నవ్వాడు. ఆమె దానికీ ఆఁ అంది. ఏమనాలో తెలియనప్పుడు ఆఁ అనడం చిన్నప్పటి అలవాటు, దానివల్ల ఎన్నిసార్లు వద్దనుకున్న అన్నం తినాల్సి వచ్చిందో. మామయ్య మంచివాడు, ఆమెను సంతోషపెట్టాలనే అంటున్నాడు, ఇంటి మీద బెంగతో పిల్ల చిక్కిపోయిందనుకుంటున్నాడు. బెంగ లేదని కాదు. అమ్మ చేతి గరిట చప్పుడు, నాన్న బడిగంట, వర్షం పడితే కాలువగట్టు వాసన, అన్నీ కావాలి. కానీ బండి నడిస్తే నాన్న వస్తాడు, నాన్న వస్తే ఒకటో తరగతి పిల్లలకు అఆలు చెప్పే పని ఆమెకోసం అట్టే పెట్టానంటాడు, పారిపోయిన కుర్రాళ్లు తిరిగొస్తారు, డబ్బాలొస్తాయి, చింతపండు మళ్లీ చారులోకి పోతుంది, ఆమె ఊళ్లోకి పోతుంది. లోకమంతా ఎదురుచూసిన శాంతి తనను మాత్రం ఉద్యోగంలోంచి తీసేస్తుంది. ఇలా అనుకోవడం ఎంత పాపం! తలుపులు మూసుకున్న రోజుల్లో రోజూ సాయంత్రం అందరూ మోకరించి, ప్రభువా శాంతి దయచెయ్యి అని ప్రార్థించారు. ఆమె కూడా ప్రార్థించింది, శాంతి రావాలి ప్రభువా, కానీ కొంచెం నెమ్మదిగా, స్ఫటికాలు దిగేదాకా, అని. అన్నాక నాలుక కరుచుకుంది. పై నుంచి విమానం చప్పుడు, మేబెల్ ఇత్తడి పళ్లెం నెత్తిన బోర్లించుకుని మంచం కిందికి దూరడం, దాని వెనకే కోడి, ఇవన్నీ చూస్తూ కూడా ఆ ప్రార్థన ఎలా చేయగలిగింది? దేవుడు విని ఉంటాడా? విన్నా, జ్ఞానశేఖర్ సారులాగా నవ్వకుండా చూసి ఊరుకుని ఉంటాడా?

ఖాలా ట్రంకుపెట్టె మీద కూర్చుని మేబెల్ జుట్టు చిక్కు తీస్తోంది. ఆమె పక్కన చేతిరుమాలు కప్పిన రేడియో. ఈ ఇంట్లో కరెంటు లేదు, అది ఆమెకూ తెలుసు, అయినా తెచ్చుకుంది. ఖాలా కొడుకుది ఔరంగాబాదులో ఉద్యోగం, అతని కబురు ఎప్పుడైనా చెబుతుందేమోనని రేడియోను ఒంటరిగా వదలలేకపోయింది కాబోలు. ఆ గోడవతల నుంచి రోజూ వినబడిన గొంతు ఆమెదే, "ఎలీసబెత్, భయపడకుండ్రి, నేనున్న, మీ దిక్కు ఎవ్వడు రాడు" అని. ఒకనాడు లాఠీలు పట్టుకున్న కుర్రాళ్ల గుంపు సందులోకి వచ్చినప్పుడు ఖాలా తన ఇంటి ముందు కాదు, ఈ ఇంటి మెట్టు మీద కూర్చుని జపమాల తిప్పుతూ, ఒరేయ్ మీ అమ్మ పేరేంది, మీ నాన నాకు ఎర్కే అని ఒక్కొక్కణ్ణీ అడిగి పంపించేసింది. నిన్న సాయంత్రం రేడియో చెప్పాల్సింది చెప్పి ఆగిపోయాక ఆ గోడవతల నుంచి ఏ గొంతూ రాలేదు. అత్తయ్య కొంచెంసేపు చూసి, రుబ్బురోలు మీద ఎక్కి, గోడ మీదుగా, "ఖాలా, పెట్టె సర్దుకుని ఇటు రండి" అంది. "నేనెందుకొస్త?" "ఊరికే రండి. మేబెల్ అడుగుతోంది." మేబెల్ అడగలేదు, నిద్రపోతోంది. ఇప్పుడు ఖాలా వేళ్లు మేబెల్ జుట్టులో తిరుగుతుంటే కాంతమణి చూస్తోంది, వీటికి ఈ చిక్కు తియ్యడం తప్ప ఈ పొద్దున చేసేందుకు ఇంకేమీ లేదు, తన వేళ్లకు రాళ్లు ఏరడం తప్ప లేనట్టే. "ఏం బేటీ, ఆ బియ్యంల రాళ్లెప్పుడో అయిపోయినయ్. ఇంకేం ఏరుతున్నవ్? నీ ఖట్టా నౌకరీ యాదికొస్తుందా?" అంది ఖాలా. పుల్లటి ఉద్యోగం అని ఆమె ఎప్పుడూ ఏడిపించే మాటే. చేటలోకి చూస్తే నిజమే, రాళ్లు లేవు. అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి తల తిప్పి చూసింది. అత్తయ్య ఈ రోజుల్లో చాలాసార్లు ఇలాగే చూసింది. మొన్న పొయ్యి మీంచి దించిన గంజిగిన్నె పక్కన మేబెల్ గెంతుతుంటే, గెంతకు కదులుతుంది, అని కాంతమణి ఉలిక్కిపడి అరిచినప్పుడు కూడా అత్తయ్య ఇలాగే, గంజిని కాదు, ఆమెను చూసింది.

ఎంత ఆరి ఉంటుంది? ఆ పొద్దున గిన్నె నిండుగా లేదు, వెలితిగానే పోసింది. రంగు పోవడానికి కొబ్బరిచిప్ప బొగ్గుపొడి వేసి వడగట్టింది, మొదటిసారి నీళ్లు తేనెరంగు వదిలి లేతగా, మజ్జిగతేటలా వచ్చాయి. సారు గిన్నెలోకి వంగి చూశారు. కాంతమణి గారూ, ఇందులో శుభ్రమైన స్ఫటికం దిగితే డైరెక్టర్లకు చూపించి మిమ్మల్ని ఉంచమని అడుగుతాను, ఉంచుతారని మాట ఇవ్వలేను, అడుగుతానని ఇస్తాను, అన్నారు. రెండు మూడు రోజులు ముట్టకండి, చూడను కూడా చూడకండి, తర్వాత మాత్రం ఆలస్యం చెయ్యకండి, పై నీళ్లు పూర్తిగా ఆరిపోతే మిగిలిన మురికంతా స్ఫటికాలకే అంటుకుంటుంది, ఇక వేరుచెయ్యలేం, అన్నారు. అంతలో పర్వతాలు లోపలికొచ్చి, ఫౌజు వస్తుందంట సారూ, దుకాణాలు బంద్ చేస్తుండ్రు, అన్నాడు. సారు రైలుపట్టాల దాకా ఆమె వెంట వచ్చారు. గిన్నె ఎక్కడికీ పోదు, మీరు వెళ్లండి, అన్నారు. రెండు మూడు రోజులు ఎప్పుడో దాటిపోయాయి. ఒకవేళ గాలిలో తేమ ఎక్కువుంటే ఆరదు, వర్షం పడింది, ఒకసారి గట్టిగానే పడింది, ఆ రోజు ఇంట్లో అందరూ తడిసిన కట్టెలను తిట్టుకుంటే ఆమె ఒక్కతే కురవనీ అనుకుంది. కానీ నిన్న ఎండ, ఇవాళ ఎండ. ఈ పొద్దున అడుగున వేలెడు తడి ఉండి ఉంటుంది. లేదా చిన్న చుక్క. ఆ చుక్క కింద, ఎవరి కంటా పడకుండా, పక్కపక్కన ఒదిగి, నిలువుటద్దాల్లాంటి ముఖాలతో, తన చేతి నుంచి వచ్చినవి. లేదా ఏమీ లేవు, గోధుమరంగు జిగురు. గోధుమరంగు జిగురు అని కూడా రాయవలసిందే, చూస్తే. చూడాలి కదా. మళ్లీ చేద్దామంటే చింతపండు లేదు, గోదాములో మిగిలినదాన్ని ఆ పొద్దునే పనివాళ్లందరికీ పంచేశారు, రోజులెలా ఉంటాయో తెలియదని. ఊళ్లో ఒకటో తరగతి పిల్లలకు అఆలు దిద్దిస్తూ, ఆ గిన్నెలో ఏముందో అని జీవితమంతా అనుకుంటూ ఉండటం ఎలా ఉంటుంది? నొప్పిగా ఉంటుందా? ఉండకపోవచ్చు, పళ్లు జివ్వుమన్నట్టు ఉంటుందేమో, చెయ్యలేక, చెప్పలేక.

తలుపు మీద ఎవరో కొట్టారు. మామయ్య బూటు, ఖాలా దువ్వెన, అత్తయ్య గరిట అన్నీ ఒకేసారి ఆగాయి. కోడి మాత్రం చిన్నగా గొణిగింది.

"నేను అమ్మా, పర్వతాలును. కంపెనీల బట్టీ కాడ ఉంటనే, గా పర్వతాలును."

అత్తయ్య వచ్చి సందులోంచి చూసి, గడియ తీసింది. ఇన్నాళ్లకు తీసిన గడియ తుప్పుపట్టినట్టు మూలిగింది. వెలుతురు ఒక్కసారిగా చాప మీద పడింది, కాంతమణి కళ్లు చికిలించుకుంది. పర్వతాలు చెవిలో బంతిపువ్వు. సందు చివర ఎక్కడో జనం అరుపులు, సంతోషపు అరుపులే.

"సడక్ మీద మస్తు జనం ఉన్నరు సారూ. బొల్లారం దిక్కు ఫౌజు చూడనీకి పోతుండ్రు" అన్నాడు మామయ్యతో. ఆ తర్వాత కాంతమణి వైపు తిరిగాడు. "మన సారు పొద్దుగాల్నే వచ్చిండు బిడ్డా. అలమర కాడికి పోయిండు, నిలవడ్డడు, మళ్ల ఇవతలికొచ్చిండు. ఎవ్వరు ముట్టకుండ్రి, గిన్నె ఆ అమ్మది అన్నడు. జెర పోయి పిల్చుకరా అన్నడు."

"ఆరిపోయిందా?" అంది కాంతమణి.

"నాకేం ఎర్క? గుడ్డ తియ్యలే ఎవ్వరు. సారు సుత తియ్యలే."

మామయ్య లేచి వచ్చాడు, ఒక కాలికి బూటుతో. "ఇవాళా? బాగుందయ్యా పర్వతాలూ! ఊరు ఎలా ఉందో తెలియదు, ఏ సందులో ఏముందో తెలియదు, ఆడపిల్లను పట్టుకుని ఇవాళ గిన్నె చూడ్డానికి పంపమంటావా? అది నాలుగు రోజులాగి ఊరెళ్లేది. ఆ గిన్నె మీ సారే చూసుకోవచ్చు." కాంతమణి వైపు తిరిగి మెత్తగా అన్నాడు, "మీ నాన్న నాకు అప్పజెప్పి వెళ్లాడమ్మా. రేపు ఆయన వచ్చి నా పిల్లేదిరా అంటే?"

మామయ్య మాటలో తప్పు లేదు. అదే కష్టం, ఈ ఇంట్లో ఎవరి మాటలోనూ తప్పు ఉండదు, అందరూ ఆమె మంచికే అంటారు, కనుకే ఇన్నాళ్లూ ఆఁ అనడం సులువైంది. ఇప్పుడూ ఆఁ పెదవి దాకా వచ్చింది. అంటే చాలు, పర్వతాలు వెళ్లిపోతాడు, సారు తలూపి, ఏదో అర్థం చేసుకుని, రెండు చేతులతో గుడ్డ ఎత్తుతారు, ఉన్నవి ఉంటాయి, లేనివి లేవు, ఆమె గురించి ఎవరూ చెడుగా అనుకోరు. సారు గుడ్డ తియ్యలేదు. అంత పొడుగు మనిషి, అంత చదివిన మనిషి, నెలల తరబడి ఈ పులుపు కోసం నిద్రపోని మనిషి, అలమరా ముందు చెప్పుల్లేకుండా నిలబడి, లోపల ఏముందో చూడాలని ఎంత ఉన్నా, చెయ్యి వెనక్కి తీసుకుని ఉంటారు. గిన్నె ఆ అమ్మది. ఊళ్లో ఇల్లు నాన్నది, బడి మిషనుది, పలక కూడా అన్నయ్యదే తనకొచ్చింది. కాంతమణికి ముక్కు మంటెక్కింది. చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. నేల వైపే చూస్తూ, మామయ్య బూటు వైపు చూస్తూ చెప్పింది.

"నేను ఊరికి వెళ్లను మామయ్యా. కంపెనీకి వెళ్తాను."

అన్న మాట గదిలో ఇంకా నిలబడే ఉంది, దాన్ని వెనక్కి ఎలా పిలవాలో ఆమెకు తెలియలేదు. మామయ్య ముఖంలో కోపం కోసం వెతికింది, దొరకలేదు, అతను నోరు తెరిచి అత్తయ్య వైపు చూస్తున్నాడు. "ఇది మాట్లాడుతుందే ఎలీసా!" అన్నాడు.

"మాట్లాడక? మా అన్నయ్య కూతురు" అంది అత్తయ్య. చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "పర్వతాలూ, పెద్దరోడ్డు మీదుగా వద్దు, పట్టాల పక్క దారినే తీసుకెళ్లు. సాయంత్రం వెలుతురుండగానే నువ్వే తెచ్చి దిగబెట్టాలి."

"గట్లనే అమ్మా. నా బిడ్డ లెక్క."

"మరి బావగారికి నేనేం చెప్పనే?" అన్నాడు మామయ్య.

"మీరేం చెప్పొద్దు. నేను చెప్తాను. టైఫాయిడ్‌లో నా తల కడిగి, నాకు జావ పట్టి, నా చీరలుతికిన పిల్ల నోరు తెరిచి ఇంతవరకు ఒక్కటి అడగలేదు. ఒక్కటి అడిగింది. మా అన్నయ్యతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు, మీరు ఆ రెండో బూటు తొడుక్కోండి."

"దాన్లో నా చెయ్యి ఉంది" అంది మేబెల్.

కాంతమణి చెప్పులు వేసుకుని గడప దాటి మెట్టు దిగింది. ఇన్నాళ్ల తర్వాత వీధి. సందు అదే, ఎదురింటి నీలం తలుపు అదే, కానీ అన్నీ ఎవరో కొంచెం పక్కకు జరిపి పెట్టినట్టున్నాయి. పర్వతాలు అప్పుడే పది అడుగులు ముందుకెళ్లి ఆగి చూస్తున్నాడు. దూరంగా జనం మళ్లీ కేకలు వేశారు. ఎండ నెత్తిన పడింది, గిన్నె గుర్తొచ్చింది, కాళ్లు మాత్రం కదల్లేదు. ఇంతమంది మధ్య నుంచి నడవాలి. లోపల ఏమీ లేకపోతే సారు ముఖం ఎదురుగా నిలబడి చూడాలి. జిగురే ఉంటే జిగురని తన నోటితో చెప్పాలి. అప్పుడు ఇంటికొచ్చి మామయ్యకు చెప్పాలి, నాన్నకు చెప్పాలి, ఇందాక అంత పెద్ద మాట అన్నదాన్ని. రేపు వెళ్తే? రేపటికి వీధులు సర్దుకుంటాయి, మామయ్య కూడా తోడొస్తాడు, ఒక్క రోజులో ఏమవుతుంది? ఏమవుతుందో ఆమెకు తెలుసు. అయినా వెనక్కి తిరిగింది. మెట్టు మీద ఒక కాలు పెట్టింది.

అత్తయ్య గుమ్మం నిండా నిలబడి ఉంది. ఆమె భుజం మీదుగా ఖాలా తొంగి చూస్తోంది.

"అత్తయ్యా, పోనీ రేపు..."

"రేపు ఏమిటి?"

అత్తయ్య చెయ్యి చాచి, ఆమె చెంపకు అంటుకున్న తవుడు బొటనవేలితో తుడిచింది, నెమ్మదిగా, ఏ తొందరా లేనట్టు.

"సాయంత్రం వచ్చి ఏం చూశావో చెప్పు. ఉంటే ఉందని చెప్పు, లేకపోతే లేదని చెప్పు, అన్నం పెడతాను. అప్పటిదాకా ఎంత కొట్టినా తియ్యను" అంది అత్తయ్య, అని ఆమె ముఖం మీదే తలుపు వేసి గడియ పెట్టేసింది.